చెప్పినవారు ఒప్పుకుంటే నాలుగు

27 జనవరి, సోమవారం

ప్రిన్సిపాల్ గారు మధ్యాహ్నం పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమన్నారంటేనే ఏదో ఉందన్నమాట. మానవ విలువల కోర్సు గురించి. బీకాం వాళ్ళకీ, బీఎస్సీ వాళ్ళకీ, అందరికీ కలిపి మొదటి ఏడాదిలో నేను చెప్పేది అదొక్కటే. దాని బదులు పిల్లలు కంప్యూటర్ మీద సొంతంగా చేసుకునే కోర్సు ఒకటి తెస్తే బాగుంటుందని కమిటీలో అనుకుంటున్నారట. మార్కులు కంప్యూటరే వేస్తుందట, సర్టిఫికెట్టూ అదే ఇస్తుందట.

“మా పిల్లలంతా పాసవుతున్నారు కదండీ” అన్నాను.

“పాసవడం వేరమ్మా, రావడం వేరు. మీ కోర్సు వల్ల పిల్లలకి ఏం వచ్చిందో చూపించండి. మార్చిలో బయటి నుంచి ప్రొఫెసర్ గారు వస్తారు. ఆయన ఒప్పుకుంటే ఉంచేద్దాం. లేదంటే జూన్ నుంచి మీకు అడ్మిషన్ల పని ఇస్తాను.”

అడ్మిషన్ల గదికి కిటికీ లేదు. పిల్లలు వస్తారు, కానీ ఫీజు ఎక్కడ కట్టాలని అడగడానికే.

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. అదే నాకు ఎక్కువ మండింది. తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను, ఏం వచ్చిందని ఎవరినీ అడగలేదు.

ఆయన ఫోన్ చేశారు. ప్రిన్సిపాల్ కాదు, మా ఆయన. తునికి బదిలీ అయి రెండేళ్ళు కావస్తున్నా ఫోన్లో ఇంకా పొడిపొడిగానే మాట్లాడతారు. “జ్యోతీ, శనివారం సంగతి నీకు చెబుదామని...” అన్నారు. “పనుంది, రాలేనంటారు, అంతే కదా. పర్వాలేదు, పై శనివారం రండి” అన్నాను. “సరే” అన్నారు. సగం మాటకే సంగతి పట్టేసే భార్య ఎంతమందికి దొరుకుతుంది.

30 జనవరి, గురువారం

హరిబాబు గారు స్టాఫ్ రూంలో పక్కకి పిలిచి బోధ చేశారు. ఆయన కామర్స్ చెబుతారు. కాలేజీ క్వాలిటీ వ్యవహారాలన్నీ ఆయనవే. “ఎందుకు మేడమ్ తల పట్టుకోవడం? కోర్సు అవుట్‌కమ్‌లు నాలుగు రాయండి. ఒక్కోదాని పక్కన ఎంత వచ్చిందో మూడుకి రెండు పాయింట్ నాలుగు అని వేసేయండి. మూడు వేస్తే అనుమానం వస్తుంది, రెండు వేస్తే తక్కువంటారు. రెండు పాయింట్ నాలుగుని ఇంతవరకు ఎవరూ ప్రశ్నించలేదండి.”

“నిజంగా ఎంత వచ్చిందో కొలుద్దామనుకుంటున్నానండి” అన్నాను.

ఆయన నన్ను జ్వరం వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు. “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనీ...” అని నవ్వారు. మంచివాడే. ఇంటి నుంచి తెచ్చిన కాజా సగం విరిచి నాకు పెట్టారు.

1 ఫిబ్రవరి, శనివారం

చందువ చేప దొరికింది. ఎందుకైనా మంచిదని రెండు గ్లాసుల బియ్యం పెట్టాను. వరండా లైటు వేశాను.

రాలేదు. ఆయన ఆఫీసులో ఆడిట్ ఉండి ఉంటుంది.

2 ఫిబ్రవరి, ఆదివారం

ఆరాధనకి వెళ్ళేముందు కూర గిన్నె కింది వాటాలో ఉండే ఏసమ్మ గారికి ఇచ్చాను. ఇంటివాళ్ళావిడ. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. మా సంఘంలోనే స్త్రీల సమాజానికి పెద్ద. “సుకుమార్ బాబు రాలేదామ్మా?” అన్నారు. ఆడిట్ అన్నాను. “ఈ ఆడిట్లు అయ్యేపనేనా” అంటూ మూత తీసి వాసన చూశారు. “చేపల కూర రెండోనాటికే బాగుంటుందిలే” అన్నారు.

గుడిలో ముందు వరసలో సాక్ష్యాలు చెప్పారు. ఎప్పటివే. దేవుడు కాపాడాడు, నడిపించాడు, స్తోత్రం. ఏ మనిషికి ఏం జరిగిందో ఒక్కరి మాటలోనూ తెలియలేదు. మా క్లాసులో పిల్లలు రాసే జవాబులూ ఇలాగే ఉంటాయి. మానవ విలువలు మానవునికి ఎంతో విలువైనవి అని మొదలుపెడతారు. పది పేజీలు దిద్దినా ఒక మనిషి కనబడడు.

6 ఫిబ్రవరి, గురువారం

దొరికింది.

నాలుగు అవుట్‌కమ్‌లూ అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా విని, ఆ మనిషి ఒప్పుకునేలా తిరిగి చెప్పగలగాలి. ఇది వస్తే తక్కిన విలువలకి దారి దొరుకుతుంది. ఇది రాకపోతే తక్కినవన్నీ గోడ మీద రాసుకోవడానికే.

కొలిచే పద్ధతి కూడా తేలిక. పిల్లవాడు ఊళ్ళో ఒకరి దగ్గర కూర్చుని, మధ్యలో మాట్లాడకుండా వినాలి. రెండు రోజులాగి వెళ్ళి, చెప్పిన మనిషి ఎదురుగానే అంతా తిరిగి చెప్పాలి. మార్కు వేసేది నేను కాదు, చెప్పిన మనిషే. నేను చెప్పింది ఇదే అని పూర్తిగా ఒప్పుకుంటే నాలుగు. కొంత వదిలేశాడంటే మూడు. చెప్పనిది కలిపాడంటే రెండు. ఇది నా మాటే కాదంటే ఒకటి.

క్లాసులో చెప్పాను. ఈ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర ఊరికే కూర్చోండి, మీరు మాట్లాడకండి, అలవాటు చేసుకోండి అన్నాను. వెనక బెంచీలో ఎవడో “మా ఇంట్లో నన్ను ఎటూ మాట్లాడనివ్వరు మేడమ్” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు చాలాసేపు ఉంది నాతో.

8 ఫిబ్రవరి, శనివారం

ఎండురొయ్యలు, వంకాయ. ఆయనకిష్టం. రెండు గ్లాసులు.

10 ఫిబ్రవరి, సోమవారం

క్లాసు అయ్యాక నాగదుర్గ నా బల్ల దగ్గరికి వచ్చింది. నరసాపురం దాటాక సముద్రపు ఒడ్డు ఊరు వాళ్ళది. తండ్రి వేటకి వెళతాడు, తల్లి పెద్దింట్లమ్మ టబ్బులో చేపలు పెట్టుకుని మా వీధికే వస్తుంది. నేను శనివారాలు కొనేది ఆవిడ దగ్గరే. పిల్ల క్లాసులో నోరు విప్పదు. బస్సు ఆలస్యమై రోజూ సగం క్లాసుకి వస్తుంది.

“మేడమ్, మొన్న మీరు ఇంట్లో...” అంది.

“చెయ్యడం కుదరలేదంటావు, అంతే కదా. బస్సు దిగేసరికే పొద్దుపోతుంది, తెలుసు. పర్వాలేదు, అసలు దానికి చేద్దువుగాని” అన్నాను.

“సరేనండి” అని వెళ్ళిపోయింది. సిగ్గు ఎక్కువ. ఈ పిల్లకి రెండొస్తే గొప్ప.

13 ఫిబ్రవరి, గురువారం

సముద్రం ఒడ్డుకే వెళ్ళాం, నాగదుర్గ వాళ్ళ ఊరికి. పిల్లలు ఇద్దరిద్దరుగా వీధుల్లోకి పోయారు. మొన్న విన్నారు, ఈరోజు తిరిగి చెప్పాలి.

బుజ్జిబాబు అనే కుర్రాడు పోతురాజు తాత ముందు కూర్చున్నాడు. తాత మొన్న చెప్పింది నేను పక్కనుండి విన్నాను. కొడుకు పెళ్ళప్పుడు పడవ అమ్మేశాననీ, ఇప్పుడు వేరేవాళ్ళ పడవ మీద కూలికి వెళుతున్నాననీ చెప్పాడు. వీడు ఈరోజు లేచి, తాత పడవ తుపానులో కొట్టుకుపోయిందనీ, ప్రభుత్వం ఆదుకోవాలనీ ఉపన్యాసం ఇచ్చాడు. ఎక్కడో పేపర్లో చదివిందంతా కలిపేశాడు.

“తాతగారూ, ఇది మీరు చెప్పినదేనా?” అని అడిగాను.

“అవునండి” అన్నాడు, నా మాట ముగియక ముందే. “చాలా బాగా చెప్పారండి బాబు. మా గురించి ఇంత బాగా ఎవరు చెబుతారండి.” నాలుగు అంకె మీద వేలు పెట్టి చూపించాడు.

కుర్రాడు వెళ్ళాక నెమ్మదిగా అడిగాను. “పడవ అమ్మేశానన్నారు కదండీ మొన్న?”

“అమ్మానండి.”

“మరి తుపానులో పోయిందంటే అవునన్నారేంటండీ?”

ఆయన నావైపు జాలిగా చూశాడు. “పాపం, చదువుకునే కుర్రాడండి. ఎండలో ఇంత దూరం వచ్చాడు. కాదంటే మార్కులు పోతాయంట కదండీ. మా నోటితో ఎలాగండి?”

వీధి వీధంతా ఇదే. ప్రతి గుమ్మంలోనూ అవునండి, బాగా చెప్పారండి, అమ్మా ఒక గ్లాసు మజ్జిగ తాగి వెళ్ళండి. మా మనుషుల మర్యాద సంగతి నాకు తెలియంది కాదు. నలభై ఏళ్ళుగా ఈ మర్యాదలోనే బతుకుతున్నదాన్ని. అయినా అది కొలతలోకి కూడా వచ్చి కూర్చుంటుందని తోచలేదు.

15 ఫిబ్రవరి, శనివారం

ఫోన్ చేశారు. “జ్యోతీ, నువ్వు ఖాళీగా ఉంటే ఒక మాట...” అన్నారు. ఖాళీ ఎక్కడిది, కాలేజీ గొడవంతా చెప్పాను. పోతురాజు తాత సంగతి చెబితే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. “సరే, పడుకో” అన్నారు. అలసిపోయి ఉంటారు.

కూర బాగా కుదిరింది.

19 ఫిబ్రవరి, బుధవారం

అందరికీ నాలుగు. ఒక్క మూడు లేదు. హరిబాబు గారు పొంగిపోయారు. “చూశారా మేడమ్, కొండని తవ్వి వజ్రాలు తీశారు” అన్నారు. ఎలకని కూడా పట్టలేదండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

గమనించిన సంగతి ఒకటుంది. ఉత్త మర్యాద అవును తొందరగా వస్తుంది, మాట పూర్తవక ముందే. పిల్లల్లో ఒకరిద్దరు నిజంగానే బాగా చెప్పారు. వాళ్ళ ముందు కూర్చున్న మనుషులు వెంటనే అవునన్లేదు. కాసేపు కింద చూసి, అప్పుడన్నారు. కానీ ఆగడానికి మార్కు ఎలా వేస్తాం.

22 ఫిబ్రవరి, శనివారం

రెండు గ్లాసులు. లైటు.

ఆయన కీర్తనల పుస్తకం వెతికితే కనబడలేదు. అలమరలో దాని పక్కన ఉండే కళ్ళజోడు పెట్టె కూడా లేదు. దసరా సెలవులకి వచ్చినప్పుడు పట్టుకెళ్ళి ఉంటారు. అక్కడ గుడికి వెళ్ళడానికి కావాలి కదా.

26 ఫిబ్రవరి, బుధవారం

శివరాత్రి. క్షీరారామం చుట్టూ ఊరంతా జనం. సెలవు. మేడ మీద నుంచి చూస్తూ కూర్చున్నాను. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదని సాయంత్రం తెలిసింది, పాలబ్బాయికి డబ్బులిస్తుంటే గొంతు రాలేదు. నాకు క్లాసు కావాలి. ఈ మాట ఇంకెక్కడా రాయలేను. పిల్లలకి ఏం వచ్చిందోగాని, వారానికి నాలుగు రోజులు పిల్లల గొంతులు విని ఇంటికొస్తాను. అది పోతే నాకేముంది.

4 మార్చి, మంగళవారం

ప్రొఫెసర్ వెంకటరాజు గారు వచ్చారు. సన్నటి మనిషి, టీలో చక్కెర వద్దన్నారు. మా కాగితాలు అటూ ఇటూ తిప్పి, “అందరికీ నాలుగేంటమ్మా?” అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా మనుషులు కాదనలేరండి అని. హరిబాబు గారు బల్ల కింద నుంచి నా కాలు తొక్కారు.

“పద్ధతి బాగుంది. నా ఎదురుగా ఒకసారి చేయించండి” అన్నారాయన.

క్లాసుకి తీసుకెళ్ళాం. పిల్లల్ని జతలు చేస్తే నాగదుర్గ ఒక్కతే మిగిలింది. ఆయన ఆ పిల్లనే చూశారు. “మీరే చెప్పండి మేడమ్. ఈ అమ్మాయి వింటుంది. ఇక్కడ మర్యాదకి అవుననేవాళ్ళు ఎవరూ ఉండరు కదా.”

ఏదైనా ఒక రోజు గురించి చెప్పాలి. శనివారం గురించి చెప్పాను. ఎవరికీ ఇబ్బంది లేని విషయం. పొద్దున్నే చేపలు కొనడం, దుప్పటి మార్చడం, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి తగిలించడం, రెండు గ్లాసుల బియ్యం కడగడం, ఆయన రాజమండ్రిలో రైలు దిగి బస్సు మారేసరికి చీకటి పడుతుందని లైటు వేసి ఉంచడం. ఆదివారం ఆ కూర కింద ఏసమ్మ గారికి ఇస్తే ఆవిడ మెచ్చుకోవడం. పిల్లలు నవ్వేలాగే చెప్పాను. నవ్వారు కూడా. నాగదుర్గ నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

తర్వాత లేచి చెప్పింది. చేపలు, దుప్పటి, చొక్కా, బియ్యం, లైటు. ఒక్కటీ వదల్లేదు, నేను చెప్పిన వరసే. అక్కడితో కూర్చుంటుందనుకున్నాను.

“ఆదివారం పొద్దున్న ఆ కూర కింద మామ్మగారికి ఇస్తారండి. సార్ తిన్నట్టు మేడమ్ గారు చెప్పలేదండి. సార్ వచ్చినట్టు కూడా చెప్పలేదండి. వస్తారు, వస్తారు అనే చెప్పారండి. సార్ రారని మేడమ్ గారికి తెలుసండి. అది చెప్పుకోడానికి మనిషి దొరకలేదండి. మేడమ్ గారు చెప్పింది అదండి.”

వెంకటరాజు గారు నావైపు తిరిగారు.

“మీరు చెప్పింది ఇదేనా మేడమ్?”

“కాదండి” అన్నాను. వెంటనే అన్నాను. “చెప్పనివి కలిపింది. రెండు.”

నాగదుర్గ తల దించుకుని, “తప్పు విన్నానండి” అని కూర్చుంది.

సాయంత్రం వెళ్ళేముందు ఆయన ప్రిన్సిపాల్ గారి ముందే అన్నారు. “ఇన్ని కాగితాల్లో నేను నమ్మిన మార్కు ఆ రెండొక్కటే. మొహమాటం లేకుండా కాదన్న మనిషి మీ దగ్గర ఒక్కరున్నారు. ఈ కోర్సు ఉంచండి. పై ఏడు నుంచి చెప్పే మనుషుల్ని మాత్రం బాగా చూసుకుని ఎంచుకోండి.”

హరిబాబు గారు కాజాలు తెప్పించారు. కోర్సు నిలబడింది. సంతోషంగా ఉంది.

సంతోషంగానే ఉంది.

5 మార్చి, బుధవారం

బూడిద బుధవారం. గుడిలో నుదుట బూడిద పెట్టించుకుని వచ్చాను. నాగదుర్గ కాలేజీకి రాలేదు.

ఆ పిల్ల చెప్పనివి కలిపింది, అది నిజమే కదా. సార్ రారని నేను అనలేదు. ఎక్కడా అనలేదు. నియమం ప్రకారం అది రెండే.

6 మార్చి, గురువారం

రాలేదు.

నియమం ప్రకారం రెండే.

8 మార్చి, శనివారం

పెద్దింట్లమ్మ టబ్బు దించి, నన్ను చూసి ఊరికే నవ్వింది. ఇంట్లో పిల్ల చెప్పి ఉండదు. చెప్పి ఉంటే ఆ నవ్వు ఇంకోలా ఉండేది. “పిల్లకి ఒంట్లో బాగాలేదా?” అన్నాను.

“బాగానే ఉందండి. చదువు నాకు రాదే అమ్మా, నేను చేపలు అమ్ముకుంటాను అంటందండి. ఏం జరిగిందో చెప్పదు. మీరొకసారి అడగండి అమ్మగారూ, మీరంటే దానికి చాలా ఇదండి.”

పండుగొప్ప చేప కొన్నాను. పెద్దది. వండలేదు. ఫ్రిజ్‌లో పెట్టి, కుర్చీలో కూర్చున్నాను. చొక్కా ఇస్త్రీ చేశాను. లైటు వెయ్యలేదు. ఎప్పుడూ వేసే లైటు వెయ్యకపోతే ఏమవుతుందో చూద్దామని. ఏమీ కాలేదు.

10 మార్చి, సోమవారం

సముద్రపు ఒడ్డుకి బస్సులో వెళ్ళాను, సెలవు పెట్టి.

నాగదుర్గ ఇంటి ముందు వల ఆరేస్తోంది. నన్ను చూసి చేతులు లంగాకి తుడుచుకుంది. కుర్చీ తెచ్చి, దులిపి వేసింది. నేను కూర్చున్నాను. ఏం చెప్పాలో బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను. అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు.

“నువ్వు తప్పు వినలేదమ్మా” అన్నాను. “నేను తప్పు చెప్పాను. నాలుగు.”

ఆ పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. నేనే ఏడ్చాను. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని ఊరికే ఉంది. ఊరుకోండి మేడమ్ అనలేదు, నీళ్ళు తాగండి అనలేదు. అంత బాగా నా దగ్గర ఎవరూ కూర్చోలేదు.

కాసేపయ్యాక అడిగాను. “ఆ రోజు క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయావు. బస్సు గురించి అనుకుని నేనే ముగించేశాను. ఏంటమ్మా అది?”

“ఏం లేదండి.”

ఈసారి నేనేమీ అనలేదు. ఆగాను. ఆగడం ఎంత కష్టమో నాకు నలభై ఆరో ఏట తెలిసింది. నోట్లో మాటలు నాలుక చివర వరకు వచ్చేస్తాయి.

“మీరు చెప్పినట్టు ఇంట్లో మా నాన్న దగ్గర కూర్చున్నానండి” అంది చివరికి. “మా నాన్న ఎవరితోనూ మాట్లాడడండి. నేను కూడా ఏం మాట్లాడలేదండి. వల బాగుచేస్తూ చేస్తూ చాలాసేపటికి చెప్పాడండి. పోయినేడు గాలివానలో చిక్కుకున్నప్పటి నుంచీ వేటకెళ్ళాలంటే భయమేస్తందంట. పడవెక్కుతుంటే కాళ్ళు వణుకుతాయంట. ఒడ్డున మగోళ్ళందరి ముందూ ఎలా చెప్పుకోమంటావే అన్నాడండి. నేను తిరిగి చెప్పానండి, మీరు చెప్పినట్టే. విని, కింద చూసి, అవునే అమ్మా అన్నాడండి. అది మీకు చెబుదామని వచ్చానండి.”



“ఎవరికీ చెప్పొద్దన్నాడండి. మీరెవరికీ చెప్పకండి మేడమ్.”

“చెప్పనమ్మా” అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ కోర్సులో ఒకళ్ళకి నిజంగా ఏదైనా వచ్చిందీ అంటే అది ఇదే. ఇది చెబితే వెంకటరాజు గారు కాదు, ఎవరైనా సరే ఒప్పుకుంటారు. చెప్పడానికి వీల్లేదు.

11 మార్చి, మంగళవారం

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. హరిబాబు గారూ అక్కడే ఉన్నారు. నాగదుర్గ మార్కు రెండు కాదు, నాలుగు అని చెప్పాను. కాదన్న మనిషిని నేనే, అబద్ధం చెప్పింది నేనే అని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. అడగకపోవడం ఆయన మర్యాద.

“ఇప్పుడు మారిస్తే మొత్తం కాగితాలకే విలువ పోతుంది మేడమ్” అన్నారు హరిబాబు గారు. నిజంగానే బాధపడ్డారు. “ఆ ప్రొఫెసర్ గారు నమ్మింది ఆ ఒక్క రెండునే కదండీ. ఎవరికీ తెలియదు. వదిలేయండి.”

“ఆ పిల్లకి తెలుసండి” అన్నాను. “చదువు రాదనుకుని చేపలు అమ్ముకుంటానంటోంది.”

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సరేనమ్మా, మారుద్దాం. అప్పుడు అందరికీ నాలుగే అవుతుంది. ఆయనకి మళ్ళీ చెప్పాలి కదా. పిల్లలకి ఏదో వచ్చిందనడానికి ఇంకొకటి, ఒక్కటంటే ఒక్కటి, మీ దగ్గర ఉందా చూపించడానికి?”

ఉంది. నాలుక చివర వరకు వచ్చింది.

“లేదండి” అన్నాను.

13 మార్చి, గురువారం

జూన్ నుంచి కంప్యూటర్ కోర్సు. నేను అడ్మిషన్లకి.

నాగదుర్గ క్లాసుకి వచ్చింది. సగం క్లాసు అయ్యాక, ఎప్పటిలాగే. లోపలికి రమ్మన్నాను.

15 మార్చి, శనివారం

సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

“మీరు ఎప్పటి నుంచో ఏదో చెబుదామనుకుంటున్నారు. చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను” అన్నాను.

చాలాసేపు ఏమీ వినబడలేదు. ఫోన్ పెట్టేశారేమో అనుకున్నాను. తర్వాత మొదలుపెట్టారు. నేను రెండుసార్లు పెదవి కొరుక్కున్నాను. ఒకసారి “అంటే మీరనేది...” అని మొదలుపెట్టి, ఆపేశాను. ఆయన ఆగి, మళ్ళీ చెప్పారు. కింద ఏసమ్మ గారి టీవీలో వార్తలు అయిపోయి ఇంకేదో వచ్చింది.

ఆయన చెప్పడం అయ్యాక అన్నాను. “మీరు చెప్పింది తిరిగి చెబుతాను. తప్పయితే చెప్పండి. పోయినేడే మీకు వెనక్కి బదిలీ ఇస్తామన్నారు. మీరే వద్దన్నారు. ఇంకొకరు ఎవరూ లేరు. అక్కడ చిన్న ఇల్లు తీసుకున్నారు. ఇక్కడ ఇరవై ఏళ్ళు మీరు మాట మొదలుపెడితే నేను ముగించాను. మొదట్లో అది ప్రేమ అనుకున్నారు. తర్వాత మొదలుపెట్టడమే మానేశారు. అక్కడ సాయంత్రం ఒంటరిగా కూర్చుంటే మీ మాటలు మీకు వినబడుతున్నాయి. నా మీద కోపం లేదు. కానీ ఇంక రారు. శనివారాలే కాదు, ఎప్పుడూ.”

వెంటనే ఏమీ అనలేదు. అక్కడ ఏదో రైలు వెళుతున్న చప్పుడు వచ్చింది. అది పూర్తిగా వెళ్ళిపోయింది.

“అవును జ్యోతీ” అన్నారు. “అదే.”

ఇద్దరం ఇంకాసేపు ఫోన్ పట్టుకునే ఉన్నాం. తర్వాత ఆయన జాగ్రత్త అన్నారు, నేనూ జాగ్రత్త అన్నాను.

ఒంటరిగా ఉన్నాను. రెండేళ్ళ నుంచీ ఉన్నాను, రాయడం ఈరోజు. చొక్కా మడతపెట్టి పెట్టెలో పెట్టాను. ఒక గ్లాసు బియ్యమే కడిగాను. నీళ్ళు మాత్రం అలవాటు కొద్దీ రెండు గ్లాసుల బియ్యానికి సరిపడా పోశాను. అన్నం జావలా అయింది. తిన్నాను.